బేవుల్ఫ్ నుంచి చాసర్ దాకా: పాత ఇంగ్లీషు సాహిత్యం ఎక్కడ మొదలుపెట్టాలి?

సింధుజ_గోదావరి
అందరికీ నమస్కారం. ఎంఏ ఇంగ్లీషు మొదటి సెమిస్టరులో ఉన్నాను. మా మొదటి పేపరు 14వ శతాబ్దపు కవి చాసర్ రాసిన కాంటర్బరీ కథల ప్రోలోగ్‌తో మొదలవుతుంది. దానికి ముందున్న ఏడు వందల ఏళ్ల సాహిత్యం మొత్తం ఒక్క క్లాసులో అయిపోయింది. బోర్డు మీద కేడ్మన్, బేవుల్ఫ్, ఆల్ఫ్రెడ్ రాజు అని పేర్లు రాశారు, మేం ఎక్కించుకున్నాం, అంతే. నాకు మాత్రం అసలు మొదలు నుంచి చదవాలని గట్టిగా ఉంది. పరీక్ష కోసం కాదు. బేవుల్ఫ్‌తోనే మొదలుపెట్టాలా? అప్పటి భాష నేర్చుకోవాలా, అనువాదం సరిపోతుందా? ఈ దారిలో వెళ్లినవాళ్లు చెప్పగలరు.

నెట్_సాధన
పరీక్ష కోణంలో చెప్తాను చెల్లీ. యూజీసీ నెట్ రెండో పేపరులో 100 ప్రశ్నలు, 200 మార్కులు. అందులో చాసర్‌కి ముందు కాలం నుంచి వచ్చేవి చాలా తక్కువ. ఏ కృతి ఏ రాతప్రతిలో ఉంది, ఎవరు ఎవరి కాలంలో ఉన్నారు, ఇవి తెలిస్తే గట్టెక్కుతావు. వ్యాకరణంతో సహా పాత భాష నేర్చుకోవడం మొదలుపెడితే షేక్‌స్పియర్‌కీ మిల్టన్‌కీ టైము మిగలదు. అనువాదం చదువు, నోట్సు రాసుకో, ముందుకెళ్లిపో.

కృష్ణాతీరం_మాస్టారు
అమ్మా సింధుజా, పరీక్ష కోసం కాదని నువ్వే చెప్పావు కాబట్టి ఆ మాట పట్టుకునే రాస్తున్నాను. చాలా ఏళ్లు డిగ్రీ కాలేజీలో ఈ పాఠాలే చెప్పాను.

బేవుల్ఫ్‌తో మొదలుపెట్టకు. అది 3182 పంక్తుల కావ్యం. కథ ఇంగ్లండులో జరగదు. డెన్మార్కులో హ్రోత్‌గార్ రాజు కొలువుకూటం, దక్షిణ స్వీడన్ నుంచి వచ్చిన వీరుడు, గ్రెండెల్ అనే రాక్షసుడు, వాడి తల్లి, చివర్లో డ్రాగన్. మధ్యమధ్యలో వేరే వంశాల పగలూ పెళ్లిళ్లూ ఉపకథలుగా వస్తుంటాయి. చిన్న కవితలతో చెవి అలవాటు పడకుండా ఇందులో దిగితే నలభయ్యో పంక్తికే పుస్తకం మూసేస్తారు. నా దగ్గర చదువుకున్నవాళ్లలో చాలామందికి ఇదే జరిగింది.

కేడ్మన్‌తో మొదలుపెట్టు. అతని పాట తొమ్మిది పంక్తులే. బీడ్ అనే సన్యాసి 731లో లాటిన్‌లో పూర్తిచేసిన చరిత్రలో అతని కథ ఉంది. యార్క్‌షైర్ తీరాన విట్బీ మఠం, దానికి పెద్ద హిల్డ్ అనే సన్యాసిని. కేడ్మన్ అక్కడ పశువుల కాపరి. విందుల్లో అందరూ వంతులవారీగా పాడేవారు. హార్ప్ అనే తంత్రీవాద్యం తన దాకా వస్తోందని కనబడగానే అతను లేచి వెళ్లిపోయేవాడు. అలా వెళ్లి పశువుల దగ్గర పడుకున్న ఒక రాత్రి కలలో ఎవరో వచ్చి పాడమన్నారు. సృష్టి గురించి పాడాడు. బీడ్ దాని భావాన్ని లాటిన్‌లోనే ఇచ్చాడు. కానీ ఆ చరిత్రకు నకళ్లు తీసినవాళ్లు కొందరు అసలు ఇంగ్లీషు పాటను కూడా అందులో చేర్చి రాసిపెట్టారు. ఆ సాహిత్యంలో పేరు తెలిసిన మొదటి కవి ఇలా మనకు దక్కాడు.

తర్వాత ఎక్సెటర్ పుస్తకం అనే పాత ఇంగ్లీషు కవితల రాతప్రతిలోని చిన్న కవితలకు వెళ్లు. వాండరర్, సీఫేరర్, వైఫ్స్ లామెంట్, డియోర్. ఒక్కోటి ఒక్క విడతలో అయిపోతుంది. బిషప్ లియోఫ్రిక్ ఎక్సెటర్ కెథడ్రల్‌కు ఇచ్చిన పుస్తకం అది. ఆయన 1072లో పోయాడు. పుస్తకం ఇప్పటికీ అక్కడే ఉంది. దాని మొదటి పుటల మీద కత్తి గాట్లున్నాయి, ఏదో పాత్ర పెట్టిన గుండ్రటి మరక ఉంది. చివరి 14 పత్రాలను నిప్పు తినేసింది. పాడుబడిన రోమన్ కట్టడాల గురించి రాసిన రూయిన్ అనే కవిత సరిగ్గా ఆ కాలిన చోటే ఉంది, మధ్యలో పంక్తులు పోయాయి.

పద్యప్రియ
మాస్టారికి నమస్సులు. సింధుజ గారూ, నాది తెలుగు ఎంఏ. ఇంగ్లీషు సాహిత్యం సరదాగా చదువుకున్నాను. మీ లెక్చరర్లు చెప్పి ఉండరు గానీ, పద్యం అలవాటున్న తెలుగువాళ్లకు పాత ఇంగ్లీషు ఛందస్సు చాలా త్వరగా పట్టుబడుతుంది.

ఆ కవిత్వంలో అంత్యప్రాస ఉండదు. పంక్తి రెండు సగాలుగా విరుగుతుంది, మధ్యలో విరామం. ఒక్కో సగంలో రెండు చోట్ల ఊనిక (గట్టిగా ఒత్తి పలకడం) పడుతుంది, అంటే పంక్తికి నాలుగు. రెండో సగంలో మొదటి ఊనిక ఏ శబ్దంతో మొదలవుతుందో, మొదటి సగంలోని ఊనికల్లో కనీసం ఒకటి అదే శబ్దంతో మొదలవ్వాలి. నాలుగో ఊనికకు మాత్రం ఆ శబ్దం రాకూడదు.

991లో ఎసెక్స్ తీరంలో వైకింగులతో జరిగిన మాల్డన్ యుద్ధం మీద ఒక కావ్యఖండం ఉంది. సేనాని పడిపోయాక ఒక ముసలి యోధుడు అనే మాటలివి:

హియె షెఆల్ థె హెఆర్‌ద్ర, హెఓర్తె థె కేన్రె,
మోద్ షెఆల్ థె మారె, థె ఊరె మాయెన్ లుట్లాథ్.

పైకి చదవండి. మొదటి పంక్తిలో హ, హ, విరామం, మళ్లీ హ. రెండో దానిలో మ, మ, విరామం, మళ్లీ మ. బలం తగ్గేకొద్దీ మనసు గట్టిపడాలి, గుండెకు తెగువ రావాలి, ధైర్యం పెరగాలి అని భావం.

ఇప్పుడు "పురుషులందు పుణ్య పురుషులు వేరయా" అనుకోండి. పంక్తి మొదట పు, నాలుగో గణం మొదట పు. చిన్నప్పటి నుంచీ యతి విని పెరిగిన చెవి కదా మనది. పంక్తి మధ్యలో ఒక శబ్దం తిరిగొస్తుందని ఎదురుచూడటం మనకెవరూ నేర్పక్కర్లేదు. అంత్యప్రాసకే అలవాటు పడినవాళ్లకు ఇది కొత్తగా నేర్చుకోవలసిన విద్య.

కృష్ణాతీరం_మాస్టారు
భేష్. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను, రెండూ ఒకటేనని ఎవరూ అనుకోకూడదు. మన యతికి హల్లూ కుదరాలి, దాని మీది అచ్చూ కుదరాలి. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ ఒక జట్టు. వాళ్లకు హల్లు కలిస్తే చాలు. అచ్చుతో మొదలయ్యే మాటలైతే ఏ అచ్చు ఏ అచ్చుతోనైనా కలుస్తుంది. స్ప, స్త, ష అనే మూడు మాత్రం వాటిలో వాటికే చెల్లుతాయి, వట్టి స తో కలవవు. ఇంకో తేడా, మనది గణాలు లెక్కపెట్టుకుని చేరే స్థానం, వాళ్లది ఊనికను బట్టి వచ్చే స్థానం. ఊనిక లేని అక్షరాలు ఎన్ని ఉన్నా పెద్దగా పట్టింపు లేదు. రెండు సంప్రదాయాలకూ చరిత్రలో సంబంధమేమీ లేదు. అయినా పద్యప్రియ అన్నది నిజం, చెవికి సాయం దొరుకుతుంది.

ఓరుగల్లు_రమ
కాలం లెక్క కూడా చూడుండ్రి. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువుల నన్నయ భారతం రాస్తున్నది 11వ శతాబ్దం నడుమ. అక్కడ 1066ల ఫ్రాన్సు దిక్కు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లీషు దర్బారు భాష కాకుండ పోయింది. మన దగ్గర కావ్యభాష నిలదొక్కుకుంటున్నప్పుడే అక్కడ నాలుగు వందల ఏండ్ల సాహిత్యానికి రాజు అండ పోయింది. ఇది నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యంగనే ఉంటది.

లెస్టర్_శ్రీను
నేను ఉండేది ఇంగ్లండులో, ఐటీ ఉద్యోగం. లండన్‌లో సెయింట్ పాంక్రస్ పక్కన బ్రిటిష్ లైబ్రరీలో బేవుల్ఫ్ రాతప్రతి అద్దాల వెనక చూశాను. అరచేతులు రెండు కలిపి పెట్టినంత ఉంటుంది, పెద్ద పుస్తకం కాదు. అంచులు గోధుమరంగుకు తిరిగి పెళుసుబారి ఉన్నాయి. ఒక్కో పత్రాన్నీ ఒక్కో కాగితపు చట్రంలో బిగించారు, 19వ శతాబ్దంలో చేసిన పని అది. ఆ చట్రం అంచు కింద కొన్ని అక్షరాలు దాగిపోయాయి కూడా.

సుమారు 1000 సంవత్సరం నాటి ఒకే ఒక్క ప్రతి. ఇద్దరు లేఖకులు రాశారు. 1939వ పంక్తిలో చేతివ్రాత మారుతుంది. 1731 అక్టోబరులో లండన్‌లో ఆష్‌బర్న్‌హామ్ హౌస్ అంటుకుని సర్ రాబర్ట్ కాటన్ సేకరించిన ప్రతుల్లో చాలా కాలిపోయాయి. పద్యప్రియ గారు చెప్పిన మాల్డన్ కావ్యం ఉన్న ప్రతి ఆ మంటల్లోనే పోయింది. అంతకుముందే తీసిన నకలు ఒకటి ఉండబట్టి ఇవాళ మీరు ఆ రెండు పంక్తులూ ఇక్కడ రాయగలిగారు.

బేవుల్ఫ్ బతికింది గానీ కాలిన అంచులు రాలిపోతూ వచ్చాయి. 1787 ప్రాంతంలో థోర్కెలిన్ అనే ఐస్‌లాండు పండితుడు లండన్ వచ్చి ఒక నకలు రాయించుకుని, ఇంకోటి తనే రాసుకున్నాడు. ఆ తర్వాత అసలు ప్రతిలో రాలిపోయిన అక్షరాలు దాదాపు రెండు వేలు ఆ నకళ్లలోనే మిగిలాయి. 1807లో బ్రిటిష్ నౌకాదళం కోపెన్‌హాగన్ మీద బాంబులు వేసినప్పుడు ఆయన ఇల్లు కాలి, అచ్చుకు సిద్ధం చేసుకున్న పని అంతా పోయింది. నకళ్లు మాత్రం దక్కాయి. మళ్లీ మొదటి నుంచి చేసి 1815లో అచ్చు వేశాడు. మొదటి ముద్రణ వచ్చింది కోపెన్‌హాగన్‌లో, ఇంగ్లండులో కాదు.

నెట్_సాధన
శ్రీను అన్నా, ఇది చదివాక కొత్త ప్రశ్న వచ్చింది. 1815 దాకా అచ్చే కాలేదంటే షేక్‌స్పియర్, మిల్టన్ వీళ్లెవరి మీదా బేవుల్ఫ్ ప్రభావం లేనట్టే కదా? మరి సాహిత్య చరిత్ర పుస్తకాల్లో దీన్ని మొదటి అధ్యాయంలో పెట్టి, అక్కడి నుంచే అంతా పారుకుంటూ వచ్చినట్టు ఎందుకు రాస్తారు?

కృష్ణాతీరం_మాస్టారు
సరైన ప్రశ్న. బేవుల్ఫ్ ప్రభావం ఆ మధ్య శతాబ్దాల కవుల మీద ఉందనడానికి ఆధారం లేదు. మొదటి అధ్యాయం అనేది 19వ శతాబ్దంలో తయారైంది. అప్పుడు కూడా పండితులు దాన్ని ఎక్కువగా చరిత్ర కోసం, భాషాశాస్త్రం కోసమే తవ్వారు. కావ్యంగా చదవండి, ఆ రాక్షసులే కావ్యానికి నడుమ నిలిచినవాళ్లు అని గట్టిగా వాదించినవాడు టోల్కీన్, 1936 నాటి ఉపన్యాసంలో. నోట్సులో రాసుకోవలసిన సంగతి ఇది.

హేతువాది_నల్గొండ
అందరూ ఉత్సాహంగా రాస్తున్నారు, సంతోషమే. కానీ మనం ఇదంతా ఎందుకు చదవాలో కూడా ఆలోచించాలి కదా. 1835లో ఇక్కడి చదువుల మీద మెకాలే మినిట్ అనే నోటు వచ్చింది, మన పుస్తకాలన్నీ ఒక మంచి యూరోపు గ్రంథాలయంలోని ఒక్క అరతో సమానమన్నట్టు మాట్లాడాడు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పెట్టారు. ఇంగ్లీషు సాహిత్యం అనే సబ్జెక్టును ఈ దేశంలో పాలకుల అవసరం కోసం నాటారు. తిక్కన పద్యం అర్థం చెప్పలేని పిల్లలు కేడ్మన్ పంక్తులు బట్టీ కొట్టడం నాకు బాధగా ఉంటుంది.

పద్యప్రియ
మీ బాధ నాది కూడానండీ. తిక్కనను చదవాల్సిందే. కానీ ఈ ప్రత్యేకమైన సాహిత్యం విషయంలో ఒక సంగతి గమనించండి. మెకాలే పొగిడిన ఇంగ్లీషు ఇది కాదు. ఇవాళ లండన్‌లో పుట్టి పెరిగిన విద్యార్థికి కూడా బేవుల్ఫ్ మూలం ఒక్క పంక్తి అర్థం కాదు, విభక్తులూ లింగాలూ మొదటి నుంచి నేర్చుకోవాలి. కాన్వెంటు ఉచ్చారణ ఇక్కడ ఎవరికీ అక్కరకు రాదు. ఇంగ్లీషు సాహిత్యం మొత్తంలో తెలుగు విద్యార్థి అక్కడి విద్యార్థితో సమానంగా, ఒకే గీత దగ్గర నుంచి బయల్దేరే చోటు ఇదే. విభక్తుల సంగతిలోనూ ఛందస్సు సంగతిలోనూ మనమే ఒకడుగు ముందుంటాం. అందుకే దీన్ని ఒక్క క్లాసులో దాటేస్తున్నారంటే నాకు కడుపు మండుతుంది.

హేతువాది_నల్గొండ
ఈ కోణం నేను ఆలోచించలేదు. సమానంగా బయల్దేరడం అన్నమాట బాగుంది. అయినా సిలబస్ రాసేటప్పుడు రెండు సాహిత్యాలనూ పక్కపక్కన పెట్టి చెప్పే పేపరు ఒకటి ఉండాలన్నది నా కోరిక.

సింధుజ_గోదావరి
అందరికీ ధన్యవాదాలు. మాల్డన్ పంక్తులు గట్టిగా చదివితే మా అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చి ఏం మంత్రం అని అడిగింది! ఇంకో సందేహం. నా గైడులో 1066 నుంచి చాసర్ దాకా "సాహిత్యపరంగా శూన్యం" అని ఉంది. నిజమేనా?

కృష్ణాతీరం_మాస్టారు
కాదమ్మా. ఆ వాక్యం మీద గీత కొట్టెయ్. పీటర్‌బరో మఠంలో 1154 దాకా ఇంగ్లీషులో చరిత్ర రాస్తూనే ఉన్నారు. 1116లో మఠం కాలిపోతే వేరే చోటి నుంచి ప్రతి తెచ్చుకుని 1121 ప్రాంతంలో మళ్లీ అంతా ఎక్కించుకుని కొనసాగించారు. స్టీఫెన్ రాజు కాలంలో కోటలు కట్టించుకున్న దొరలు జనాన్ని పెట్టిన చిత్రహింసలను రాసిన చివరి భాగం చదువు. వ్యాకరణం మారిపోతుండటం కళ్లముందే కనిపిస్తుంది.

ఇంకొకాయన గురించి చెప్పాలి. పేరు తెలియదు. 13వ శతాబ్దంలో వూస్టర్‌లో ఉండేవాడు. అప్పటికే జనానికి అర్థం కాకుండా పోయిన పాత ఇంగ్లీషు పుస్తకాలను ముందేసుకుని పంక్తుల మధ్యన చిన్న చిన్న అర్థాలు రాస్తూ పోయాడు, ఎక్కువగా లాటిన్‌లో. సుమారు 20 పుస్తకాల్లో ఆయన రాత దొరికింది. చెయ్యి వణికేది. అక్షరాలు ఎడమకు వాలి, గీతలు అలలు అలలుగా ఉంటాయి. అందుకే పండితులు ఆయన్ని వూస్టర్ వణుకుచెయ్యి అంటారు. చెయ్యి వణుకుతున్నా వేల అర్థాలు రాసిపెట్టిన మనిషి ఉన్న కాలాన్ని శూన్యం అనడానికి నాకు నోరు రాదు.

ఓరుగల్లు_రమ
ఆడవాళ్ల గురించి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తా. సింధుజా, ఆంక్రీన్ విస్సె అని 13వ శతాబ్దం మొదట్లది ఒక పుస్తకం ఉంది. చర్చిగోడకు ఆనించి కట్టిన చిన్న గదిల బతికినంతకాలం ఉండిపోయే సన్యాసినుల కోసం రాసింది. ఏం తినాలె, ఎప్పుడు మాట్లాడాలె, కిటికీ పరదా ఎట్ల ఉండాలె, అన్నీ ఉంటయ్. పిల్లి తప్ప ఇంకే జంతువునూ పెంచొద్దని కూడా ఉంటది. ఆ వచనం చదువుతుంటే ఎదురుగ కూసోని చెప్పినట్టుంటది.

తర్వాత నార్విచ్ జూలియన్. 1373 మే నెలల, ముప్పయ్యేండ్ల వయసుల చావుదాకా పోయి, ఆ జబ్బుల కనబడ్డ దర్శనాల మీద ఏండ్ల తరబడి ఆలోచించి రాసింది. స్త్రీ రాసిందని తెలిసి మనకు మిగిలిన ఇంగ్లీషు పుస్తకాలల్ల అదే మొదటిది. మార్జరీ కెంప్ అయితే చదువురాని మనిషి, పద్నాలుగు మంది పిల్లల తల్లి. తన జీవితం చెప్పి రాయించుకుంది. ఆమె జూలియన్ దగ్గరికి పోయి మాట్లాడిన ముచ్చట కూడ అండ్ల ఉంది. ఆ పుస్తకం పూర్తి ప్రతి ఒక ఇంటి అల్మారాల ఉండిపోయి 1934ల బయటపడ్డది. సిలబస్‌ల ఈ మూడు పుస్తకాల పేర్లు లేకుంటే నువ్వే సెమినార్ పేపరు తీసుకుని చెప్పు.

నెట్_సాధన
ఇంత ఉండగా చాసర్‌నే ఇంగ్లీషు కవిత్వానికి పితామహుడు అనడం ఎందుకు?

లెస్టర్_శ్రీను
లండన్ మాండలికం గెలిచింది కాబట్టి అనేది నా అభిప్రాయం తమ్ముడూ. చాసర్ లండన్‌లో ద్రాక్షసారాయి వ్యాపారి కొడుకు. 1374 నుంచి లండన్ రేవులో ఉన్ని మీద పన్నుల లెక్కలు చూసిన ఉద్యోగి. ఇటలీ వెళ్లొచ్చాడు. ఫ్రెంచి, ఇటాలియన్ కవిత్వం నుంచి తెచ్చుకున్న, అంత్యప్రాసతో కూడిన పది అక్షరాల పంక్తి తర్వాతివాళ్లందరికీ దారి అయింది. 1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం పెట్టి, త్వరలోనే కాంటర్బరీ కథలు అచ్చేశాడు. చాసర్ కాలంలోనే వాయవ్య ఇంగ్లండులో ఒక కవి గవెయిన్, గ్రీన్ నైట్ కథ రాశాడు. పాత యతిలాంటి పద్ధతిలోనే, అద్భుతంగా. ఆయన పేరే ఎవరికీ తెలియదు. ఒక్క ప్రతి, అదీ కాటన్ సేకరణలోదే, మంటల్లో తప్పించుకుంది. 19వ శతాబ్దం దాకా అచ్చు కాలేదు. రాజధాని భాష కాకపోతే ఏమవుతుందో ఇది చూస్తే తెలుస్తుంది. నా మటుకు నాకు గవెయిన్ కవి చాసర్‌కి ఏమాత్రం తీసిపోడు.

కృష్ణాతీరం_మాస్టారు
శ్రీను గారి మాటకు కొంత ఒప్పుకుంటాను, కొంత ఒప్పుకోను. భాష గెలుపు ఒక్కటే కాదు. 1362లో కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం వచ్చింది. 1348 నాటి మహమ్మారి తర్వాత సమాజం తలకిందులైంది. 1381లో రైతుల తిరుగుబాటు లండన్ దాకా వచ్చింది. ఆ కాలపు మనుషులందర్నీ, యోధుడి నుంచి మిల్లరు దాకా, కాంటర్బరీ కథల్లో, లండన్‌కు నది అవతలి సౌత్‌వర్క్‌లో, ఒక్క సత్రంలో కూర్చోబెట్టి ఎవరి గొంతు వాళ్లకిచ్చినవాడు చాసర్. రీవ్ (ఎస్టేటు చూసుకునే అధికారి) చెప్పే కథలో ఇద్దరు విద్యార్థుల చేత ఉత్తరాది యాసలో మాట్లాడించాడు కూడా. దాదాపు 120 కథలు అనుకుని 24 దగ్గర ఆగిపోయినా, ఆ గొంతులు అన్నీ వేరువేరుగా వినిపిస్తాయి.

హేతువాది_నల్గొండ
అన్నట్టు కాంటర్బరీ కథల్లో పార్డనర్ (పాపక్షమాపణ పత్రాలు అమ్మేవాడు) చెప్పే కథ మనకు కొత్తేమీ కాదు. బంగారం దొరికిన ముగ్గురిలో ఒకడు సారాయిలో విషం కలుపుతాడు, మిగతా ఇద్దరు వాడిని చంపి ఆ సారాయే తాగి చస్తారు. పాళీలో వేదబ్భ జాతకంలో దొంగలు ఇలాగే ధనం కోసం ఒకళ్లనొకళ్లు చంపుకుంటారు. చివరికి మిగిలిన ఇద్దరిలో ఒకడు అన్నంలో విషం పెడతాడు, రెండోవాడు వాడిని నరికేసి ఆ అన్నం తిని పోతాడు. సింధుజ గారూ, రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. ఇందాక నేను అడిగిన పేపరు ఇలాంటిదే.

పద్యప్రియ
ఎక్సెటర్ పుస్తకంలో తొంభైకి పైగా పొడుపుకథలు కూడా ఉన్నాయి. మనవాళ్లకు అవే మొదటి మెట్టు అవ్వాలంటాను. ఉల్లిపాయ, మంచు, లంగరు, ఇలా విప్పుకుంటూ పోవచ్చు. వాటిలో పుస్తకాల పురుగు మీద ఆరు పంక్తులది ఒకటుంది. దాన్ని ఆటవెలదిలో పెట్టాను:

మాటలన్ని తినెను మసక చీకటి దొంగ
పాత పాటలన్ని పట్టి నమిలె
మింగినంత మాత్ర మెరుగునా పురుగది
తెలివి పెరుగ దెంత తిన్నగాని

సింధుజ_గోదావరి
ఎంత బాగా కుదిరింది! యతులు కూడా గుర్తుపట్టాను. పొడుపుకథలూ కేడ్మన్ పాటా ముందు, తర్వాత వాండరర్, ఆ తర్వాతే బేవుల్ఫ్ అనుకుంటున్నాను. చాసర్ మాత్రం సిలబస్ కాబట్టి ఇప్పుడే మూలంలో చదవాలి. పైకి ఎలా చదవాలో ఒక్క ముక్క చెప్పండి.

కృష్ణాతీరం_మాస్టారు
తెలుగు చదివినట్టు చదువు, చాలావరకు సరిపోతుంది. ఇంగ్లీషు దీర్ఘాచ్చులు పెద్దఎత్తున మారింది చాసర్ తర్వాతే. అందుకని నేమ్ అని కాక నామ, టైమ్ అని కాక తీమ, హౌస్ అని కాక హూస్. యోధుడనే అర్థమున్న నైట్ అనే మాటలో మొదటి క అక్షరం పలుకుతుంది, మధ్యలో హ లాంటి గాలి వస్తుంది: క్నిహ్ట్. మాట చివరి ఎ అక్షరాన్ని తేలిగ్గా పలకాలి, తర్వాతి మాట అచ్చుతో మొదలైతే వదిలెయ్యాలి. అది పలక్కపోతే పంక్తి కుంటుతుంది. మొదటి పంక్తి ఇలా వస్తుంది: హ్వాన్ థాట్ ఆప్రిల్ విథ్ హిస్ షూరెస్ సోతె. చివరి తె మింగెయ్యకు.

లెస్టర్_శ్రీను
హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ల చాసర్ సైటులో మూలం కిందే నేటి ఇంగ్లీషు పంక్తి పంక్తికీ ఉంటుంది, ఉచితం. మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ల మధ్యకాల ఇంగ్లీషు నిఘంటువు కూడా ఉచితమే. పాత ఇంగ్లీషుకు బాస్వర్త్, టోలర్ నిఘంటువు ఆన్‌లైన్లో ఉంది. బ్రిటిష్ లైబ్రరీ రాతప్రతుల చిత్రాలు 2023 అక్టోబరు సైబర్ దాడితో పోయి, తర్వాత కొద్దికొద్దిగా తిరిగి పెడుతూ వచ్చారు. కాబట్టి పాత లింకు పనిచెయ్యకపోతే వాళ్ల సైటులోనే కొత్తగా వెతకండి.

ఓరుగల్లు_రమ
సింధుజా, జూలియన్ మీద సెమినార్ తీసుకుంటే చెప్పు. నా దగ్గర ఆమె పుస్తకం చిన్న పాఠం, పెద్ద పాఠం రెండూ ఉన్నయ్. స్కాన్ చేసిన నోట్సు పంపిస్త. చిన్నది ముందు చదువు, నలభై పేజీలు కూడ దాటది.